బకింగ్‌హామ్ కాలువ వెంట మూడు రోల్స్‌తో కుటుంబ కథ: ఎలా తీయాలి, ఎలా కూర్చాలి?

1. కాలువగట్టు (అన్నానగర్)
అందరికీ నమస్తే. మా తాతగారి వాళ్ళది గూడూరు వైపు. కాలువలో పడవ మీద మద్రాసు చేరి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆ దారిని ఫిల్మ్ మీద తీసి, ఇంట్లోవాళ్ళ కోసం 24 పేజీల చిన్న పుస్తకం చేయాలని ఉంది. చేతిలో ఉన్నవి: పెంటాక్స్ కే1000 కెమెరా, 50 ఎంఎం, 28 ఎంఎం లెన్సులు, హెచ్‌పీ5 ప్లస్ 400 (నలుపు తెలుపు ఫిల్మ్) రోల్స్ మూడు, డెవలపింగ్ ట్యాంకు. పాత ఫోటోలు ఏడున్నాయి, వాటిలో రెండు ఫ్రేము అద్దానికి అంటుకుపోయాయి. ఫిబ్రవరిలో రెండు రోజులు వీలవుతుంది. పులికాట్‌లో మొదలుపెట్టి ఊళ్ళోకి రావాలా, ఇక్కణ్ణుంచి పైకి వెళ్ళాలా? మూడు రోల్స్ చాలతాయా?

2. మైలాపూరు_పిట్ట
చాలతాయి. రోల్‌కి 36 చొప్పున 108 ఫ్రేములు. 24 పేజీల్లోకి ఇరవైకి మించి ఎక్కవు, పాత ఫోటోలు కలిపితే ఇంకా తగ్గుతాయి.

తీసే వరస వేరు, పుస్తకం వరస వేరు. తీయడం వెలుగును బట్టి, పుస్తకం మాత్రం మీవాళ్ళు వచ్చిన దిక్కునే, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి. పులికాట్ సరస్సు, ఎన్నూరు, తరవాత ఊళ్ళో కాలువ. చేపాక్ నుంచి మైలాపూరు దాకా ఎంఆర్‌టీఎస్ (ఊళ్ళో వంతెన మీద తిరిగే లోకల్ రైలు) స్తంభాలు కాలువలోనే దిగి ఉంటాయి. పడవలు తిరిగిన నీళ్ళ మీద ఇప్పుడు రైలు పోతోంది. మీ పుస్తకానికి ముగింపు అక్కడ తేరగా దొరుకుతుంది కాబట్టి చివరి రోల్‌లో సగం దానికి అట్టేపెట్టండి. స్టేషన్ లోపల కెమెరా తీస్తే అనుమతి అడుగుతారు. రోడ్డు వంతెనల మీంచి తీసుకోండి.

ప్రతి రోల్‌లో మొదటి ఫ్రేము ఒక కాగితానికి: రోల్ నంబరు, తేదీ, పెట్టిన ఐఎస్ఓ (ఫిల్మ్ వేగం, మీదైతే 400), ఊరు. మూడు నెగెటివ్‌లు కలిసిపోతే ఆ కాగితమే దిక్కు. చిన్న నోటుబుక్కులో ఫ్రేము నంబరు, ఎక్కడ, ఎవరు, వాళ్ళన్న మాట ఒకటి రాసుకోండి. ఎపర్చర్ (లెన్సు రంధ్రం సైజు), షట్టర్ వేగం రాయకపోయినా నష్టం లేదు. మనిషి పేరు, ఊరు రాయకపోతే మాత్రం ఆ ఫోటో పుస్తకంలో మూగదైపోతుంది.

ఇంకొకటి. ఆగిన ప్రతిచోటా ఒకే రకం ఫ్రేము ఒకటి తీయండి. ఉదాహరణకి, గట్టు మీద నిలబడి 28తో, నీటి గీత ఫ్రేము కింది మూడో వంతులో ఉండేలా. పేజీలు తిప్పుతుంటే ఆ గీత కదలదు, దాని పైనున్నవి మారుతుంటాయి. కథకి ఆ గీతే తాడు.

3. సన్నీ16
వెలుగు సంగతి చెప్తాను. కాలువ తీరం పక్కనే, దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. కాబట్టి పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, పడమటి గట్టు మీద వెలుగు పడుతుంది. అంటే పొద్దున తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడాలి, సాయంత్రం దానికి తిరగేసి. ఫిబ్రవరి మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన ఉంటాడు, ఉత్తరానికి తిరిగి తీస్తే వెలుగు మీ వీపు వెనక ఉంటుంది. ఇది ముందే మ్యాపులో గుర్తు పెట్టుకుంటే ఏ గట్టుకి ఎప్పుడు చేరాలో తేలిపోతుంది.

ఎక్స్‌పోజర్:
మండుటెండలో ఐఎస్ఓ 400 దగ్గర ఎపర్చర్ ఎఫ్16, షట్టర్ 1/500 సెకను. ఇసుక, ఉప్పు మడులు, నీటి మెరుపు చుట్టూ ఉంటే ఎఫ్22. చెట్టు నీడలో మనిషి అయితే ఎఫ్4, 1/500.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఇక్కడే మోసం చేస్తుంది. ఉప్పు మడి ముందు నిలబడ్డ మనిషిని తీస్తే అది ఉప్పును చూసి తగ్గిస్తుంది, మొహం బొగ్గవుతుంది. మీ అరచేతిని మనిషి మీద పడే వెలుగులోనే పెట్టి, దాన్ని ఫ్రేము నిండా చూసి మీటరు తీసుకోండి. అరచెయ్యి సగటు బూడిద రంగు కంటే దాదాపు ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుగు) తెల్లగా ఉంటుంది కాబట్టి ఎపర్చర్ ఒక స్టాపు తెరవండి. నల్లని మొహం మీంచే నేరుగా తీసుకుంటే ఒక స్టాపు మూయాలి.

పసుపు ఫిల్టరు పెట్టుకోండి, ఆకాశం కొంచెం ముదురై మబ్బులు తేలతాయి. ఒక స్టాపు పోతుంది. కానీ కే1000 మీటరు లెన్సు లోంచే చూస్తుంది, ఆ స్టాపు దానికి ముందే తెలుసు. మళ్ళీ మీరు చేత్తో కలపకండి.

తెల్లవారకముందు స్టాండు వేసి తీస్తారేమో. ఒక సెకను దాటితే హెచ్‌పీ5 స్పందన మందగిస్తుంది. మీటరు 10 సెకన్లంటే 20 ఇవ్వాలి.

4. రిపేరు_రాజా
అన్నా, ఫిల్మ్ ఎక్కించే ముందు కెమెరా చూసుకో.

వెనక తలుపు గాడిలో నల్ల స్పాంజి ఉంటుంది. వేలు పెడితే జిగురులా అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. చెన్నై ఉక్కకి అది కరిగి తారులా అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన పుల్లతో గీకి శుభ్రం చేసి, గాడిలో నల్ల ఊలు దారం నొక్కినా సరిపోతుంది. అద్దం పైన కొట్టుకునే చోట మాత్రం 2 ఎంఎం ఫోమ్ వెయ్యి. ఆల్కహాలు ఫోకసింగ్ స్క్రీన్ మీద పడనీయకు, ప్లాస్టిక్ మసకబారుతుంది.

కే1000కి మీటరు స్విచ్ లేదు. లెన్సుకు మూత లేకపోతే సెల్ కాలిపోతూనే ఉంటుంది. ఎల్‌ఆర్44 రెండు కొనిపెట్టుకో. సెల్ పోయినా షట్టర్ పనిచేస్తుంది, మీటరొక్కటే ఆగుతుంది. (మెర్క్యురీ సెల్ కాలం కెమెరాలున్న మిగతావాళ్ళకి: 1.35 వోల్టుల బదులు మామూలు 1.5 వోల్టుల సెల్ వేస్తే రీడింగు తప్పుతుంది. మందుల షాపులో దొరికే 675 నంబరు వినికిడి యంత్రం సెల్ 1.4 వోల్టులు, చుట్టూ చిన్న రబ్బరు రింగు పెడితే సరిపోతుంది.)

ఎక్కించాక మూత వేసి, రివైండ్ పిడిని మెల్లగా తిప్పి బిగువు చెయ్యి. తరవాత లివర్ లాగుతుంటే ఆ పిడి వెనక్కి తిరగాలి. తిరగలేదా, ఫిల్మ్ పట్టుకోలేదు. కౌంటరు మాత్రం అమాయకంగా 36 దాకా పోతుంది.

5. టీనగర్_ట్రైపాడ్
నా మాట ఎవరికీ నచ్చదు, అయినా అంటాను. పులికాట్ అంటే ఫ్లెమింగోలు. 50 ఎంఎంతో అవి చుక్కలు. ఫోన్‌తో వెయ్యి తీసి మంచివి ఏరుకోవచ్చుగా, ఈ 108కి ఇంత లెక్కలెందుకు?

6. మైలాపూరు_పిట్ట
పక్షులు ఈ కథలో లేవు సార్. దూరాన గులాబీ గీతలా కనిపిస్తే ఒక ఫ్రేము, అంతే. వాటి వెంట పడితే ఒక పూటా ఒక రోలూ పోతాయి. అదే సమయంలో పడవలు బాగుచేసేవాళ్ళ దగ్గర కూర్చుంటే వల, తారు, మేకులు, చేతులు, మాట అన్నీ దొరుకుతాయి. పులికాట్‌లోనే డచ్చివాళ్ళ శ్మశానం ఉంది, గేటు దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. అందరూ తీసే బొమ్మే అది, కాబట్టి మీ కుటుంబ పుస్తకంలోకి అది రావాల్సిన పని ఉందా అని ఒకసారి ఆలోచించండి. నా లెక్కలో లేదు.

వెయ్యి తీసి ఏరడం తప్పని ఎవరూ అనరు. ఏరేవాడి ఓపిక చాలకపోవడమే అసలు ఇబ్బంది.

7. పాతఫోటోల_పెట్టె
ఆ ఏడు ఫోటోల గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకవే ముఖ్యంగా కనిపిస్తున్నాయి.

అద్దానికి అంటుకున్న రెండింటినీ పీకొద్దు. తేమకి జెలటిన్ పొర మెత్తబడి గాజుకి అతుక్కుంటుంది. లాగితే బొమ్మ గాజు మీద, కాగితం చేతిలో. నీళ్ళలో నానబెట్టమని ఎవరన్నా చెప్తే వినకండి, చేత్తో రంగు వేసిన ప్రింటైతే రంగు కూడా పోతుంది. ఫ్రేము వెనక అట్ట విప్పి, అద్దంతో సహా ఉంచి, అద్దం బయటివైపు తుడిచి, అద్దం మీంచే కాపీ తీయండి.

కాపీ విధానం: ఫోటో నేల మీద, కెమెరా స్టాండు మీంచి కిందికి. రెండు ఒకే రకం దీపాలు, రెండు పక్కలా 45 డిగ్రీల్లో, సమాన దూరంలో. ఫోటో మధ్యలో పెన్సిల్ నిలబెట్టి చూడండి. రెండు నీడలూ ఒకే పొడవు, ఒకే నలుపు ఉంటే వెలుగు సమంగా పడ్డట్టు. కెమెరా వాలిందేమో తెలియాలంటే, ఫోటో స్థానంలో చిన్న అద్దం పెట్టి వ్యూఫైండర్‌లో చూడండి, మీ లెన్సు నడిమధ్యన కనిపించాలి. అద్దం ఉన్న ఫ్రేములకి కెమెరా మీది తెల్ల అక్షరాలు కూడా ప్రతిఫలిస్తాయి. నల్లగుడ్డకి లెన్సు పట్టేంత రంధ్రం చేసి కెమెరా ముందు వేలాడదీయండి.

పాత ప్రింట్లలో నల్లని చోట్ల, ముఖ్యంగా అంచుల్లో, నీలంగా వెండిలా మెరుస్తుంది. వెండి పైకి తేలడం అది, తుడిస్తే పోదు. లెన్సు మీద పోలరైజరు, దీపాల ముందు పోలరైజింగ్ షీట్లు పెట్టి, లెన్సు మీదిది తిప్పుతూ పోతే మెరుపు ఆరిపోతుంది.

మీ 50 ఎంఎం 45 సెంటీమీటర్ల కంటే దగ్గరికి రాదు. ఆ దూరంలో ఫ్రేములోకి ఏ5 కాగితం కంటే కొంచెం పెద్ద వైశాల్యం వస్తుంది. పోస్టుకార్డు సైజు ఫోటో అందులో సగం కూడా నిండదు. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ గానీ క్లోజప్ లెన్సు గానీ కావాలి. లేదూ, ఈ ఒక్క పనికి డిజిటల్ వాడండి, దోషమేం లేదు.

వెనకవైపు కూడా తీయడం మరవకండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, ధర, ఏదో ఒకటి ఉంటుంది. పుస్తకంలో ముందు వైపు ఒక పేజీ, వెనక వైపు ఎదురు పేజీ పెట్టండి. ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేదు.

8. కాలువగట్టు
బ్రహ్మాండం. ఒక ఫోటోలో కాలువ లాకు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. అదే చోటు నుంచి మళ్ళీ తీయొచ్చా? ఇంకా, డెవలపింగ్ గురించి నలుపు_తెలుపు గారు చెప్పాలి. మా కుళాయి నీళ్ళు బోరువి, 27 డిగ్రీలు చూపిస్తోంది.

9. పాతఫోటోల_పెట్టె
తీయొచ్చు. జూమ్ గురించి ఆలోచించకండి, ముందు నిలబడే చోటు కుదరాలి. పాత ఫోటోలో ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు వస్తువులు చూడండి, లాకు రాతి గోడ అంచు, దాని వెనక చెట్టో స్తంభమో. వాటి మధ్య ఖాళీ ఇప్పుడు కూడా అంతే కనిపించేదాకా పక్కకి జరగండి. తరవాత ముందుకీ వెనక్కీ. చోటు కుదిరాక 50 లోంచి కాస్త ఎక్కువ కనిపించినా ప్రింటులో కోసుకోవచ్చు. కెమెరా ఎత్తు కూడా: పాత పెట్టె కెమెరాల్లో నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసేవాళ్ళు, మోకాళ్ళు వంచాల్సి రావచ్చు. పాత ప్రింటు ఫోన్‌లో కాకుండా కాగితం మీద తీసుకెళ్ళండి, ఎండలో స్క్రీన్ కనపడదు.

10. నలుపు_తెలుపు (పెరంబూరు)
బోరు నీళ్ళతో మొదలుపెడదాం. డెవలపర్ కలపడానికీ, చివరి కడుగుడుకీ ఆర్‌ఓ నీళ్ళు. మధ్య కడుగుళ్ళకి బోరు నీళ్ళు చాలు.

20 డిగ్రీలకి దించాలని పంతం వద్దు, మన ఊళ్ళో ఆ చల్లదనం పట్టి ఉంచడం కష్టం. 24 పెట్టుకోండి. పెద్ద టబ్బులో నీళ్ళు, అందులో డెవలపర్, స్టాప్ (డెవలప్ కావడం ఆపేది), ఫిక్సర్ (బొమ్మని నిలిపేది) సీసాలు, కడగడానికి రెండు మూడు లీటర్ల నీళ్ళు, అన్నీ కలిపి నిలబెట్టండి. ఐసు జిప్ కవరులో వేసి టబ్బులో ఉంచండి, నేరుగా రసాయనాల్లో వేయకండి. డెవలపర్ 24లో, కడిగే నీళ్ళు 30లో ఉంటే జెలటిన్ పొర ముడతలు పడే ప్రమాదం ఉంది. అది పడ్డాక సరిచేయలేం.

డీ-76 డెవలపర్‌ని నీళ్ళతో ఒకటికి ఒకటి కలిపితే హెచ్‌పీ5కి 400 దగ్గర 20 డిగ్రీల్లో 11 నిమిషాలు. 24లో సుమారు ఏడున్నర. అయిదు నిమిషాల లోపుకి వచ్చేంత వేడిలో చేయకండి, పోసే, వంచే తేడాలకే చారలు పడతాయి. 300 మి.లీ. ట్యాంకులో ఒక రోల్‌కి 150 మి.లీ. అసలు ద్రావణమే అందుతుంది కాబట్టి సమయం పదోవంతు పెంచండి.

కదపడం: మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తిరగేసి, తరవాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగేసి సార్లు. ప్రతిసారీ ట్యాంకును బల్ల మీద కొట్టండి, బుడగలు లేస్తాయి. లేవకపోతే నెగెటివ్ మీద గుండ్రటి లేతచుక్కలు, ప్రింటులో నల్లచుక్కలు.

ఫిక్సర్ 1+4 (ఒక పాలు ఫిక్సర్, నాలుగు పాళ్ళు నీళ్ళు). ముందు ఫిల్మ్ మొదట్లో బయటికి ఉండే నాలుక ముక్క ఒకటి వెలుగులోనే వేసి, పాల రంగు పోయి తేటబడ్డానికి ఎంతసేపో చూడండి. దానికి రెట్టింపు, కనీసం మూడు నిమిషాలు ఉంచండి. కొత్తగా కలిపినప్పుడు పట్టినదానికి రెట్టింపు సమయం పట్టడం మొదలైతే ఆ ఫిక్సర్ పారబోయండి.

కడగడానికి కుళాయి కింద అరగంట పెట్టక్కర్లేదు: నీళ్ళు నింపి 5 సార్లు తిరగేసి పారబోత, మళ్ళీ నింపి 10, మళ్ళీ 20. చివరగా ఆర్‌ఓ నీళ్ళలో వెట్టింగ్ ఏజెంట్ (నీటి మరకలు పడకుండా చేసేది) 1+200, అంటే 300 మి.లీ.కి ఒకటిన్నర మి.లీ. నురగ వచ్చేంత పోస్తే అదే మరకవుతుంది. వేళ్ళతో తుడవకండి.

అందరికీ చిక్కొచ్చేది అసలు వీటన్నిటికంటే ముందు. వెలుగు పడని నల్లసంచిలో ఫిల్మ్‌ని రీలుకి ఎక్కిస్తుంటే చేతులు చెమట పట్టి, ప్లాస్టిక్ రీలు తేమ తాగి, ఫిల్మ్ సగంలో ఇరుక్కుంటుంది. ఏసీ గదిలో ఎక్కించండి. రీలుని ముందురోజే ఆరబెట్టండి. ఫిల్మ్ కొస రెండు మూలలూ కత్తెరతో గుండ్రంగా చేయండి. ఇరుక్కుంటే బలవంతం వద్దు, ఫిల్మ్‌నీ రీలునీ ట్యాంకులో వేసి మూత బిగించి, చేతులు బయటికి తీసి ఆరబెట్టుకుని మళ్ళీ మొదలెట్టండి.

11. సన్నీ16
దీనికో తోక. మధ్యాహ్నం తీసే రోల్‌ని 200గా పెట్టుకుని తీసి, డెవలప్ సమయం 15 నుంచి 20 శాతం తగ్గించండి. ఉప్పు తెల్లగానే ఉంటుంది, నీడలో చొక్కా మడతలూ కనిపిస్తాయి. రోల్ మొత్తం ఒకే లెక్కన తీయాలి, డబ్బా మీద స్కెచ్‌పెన్‌తో "200" అని రాయాలి.

12. నలుపు_తెలుపు
నేనైతే మొదటిసారికి మూడూ 400లోనే తీయమంటాను. మూడు రోల్స్‌కి మూడు లెక్కలు పెట్టుకుంటే ట్యాంకు దగ్గర తికమక. పుస్తకంలో బూడిద రంగులు కూడా ఒక్క తీరున రావు.

13. సన్నీ16
ఉప్పు మడుల దగ్గర మధ్యాహ్నం తీయకపోతే ఒప్పుకుంటా. తీస్తే మాత్రం నా మాటే.

14. ఎగ్మూరు_ఎక్స్‌ప్రెస్
ప్రయాణం గురించి రెండు మాటలు. పులికాట్‌కి దగ్గర స్టేషన్ పొన్నేరి, గుమ్మిడిపూండి లైన్లో లోకల్ దొరుకుతుంది, అక్కణ్ణుంచి బస్సు. మెట్రోలో, పెద్ద స్టేషన్లలో సంచి ఎక్స్‌రే లోంచి పోతుంది. 400 ఫిల్మ్‌కి ఒకసారి పోతే ఏమీ కాదు, కానీ ఆ ప్రభావం పోగవుతుంది. పారదర్శక సంచిలో రోల్స్ వేసి చేత్తో చూడమని అడగండి. లోహపు ద్వారం లోంచి జేబులో పెట్టుకు నడిస్తే ఫిల్మ్‌కి ఏ హానీ లేదు. విమానాశ్రయాల్లో లాప్‌టాప్ బయటికి తీయక్కర్లేని కొత్త సీటీ యంత్రాలున్నచోట మాత్రం ఒక్కసారి కూడా పంపకండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్ డబ్బా మూత గంటసేపు తెరవకండి, చెమ్మ పడుతుంది. ఎన్నూరు, కాట్టుపల్లి వైపు ఓడరేవులు, కరెంటు కేంద్రాల గోడల దగ్గర కెమెరా తీయకండి.

15. కాలువగట్టు
రోల్స్ కడిగాక ఏరడం ఎలా? కాలువ చరిత్ర ఎంతవరకు పెట్టాలి?

16. మైలాపూరు_పిట్ట
నెగెటివ్‌లు ఆరు ఫ్రేముల చొప్పున ఆరు ముక్కలు కోసి స్లీవులో పెట్టండి. లైట్ బాక్సు మీద మొత్తం స్లీవుని ఒకేసారి ఫొటో తీసి నలుపు తెలుపులు తిరగేస్తే అదే కాంటాక్ట్ షీట్ (అన్ని ఫ్రేములూ ఒకే పేజీలో). అందులో ముప్ఫై గుర్తుపెట్టి, చవక ప్రింట్లు 4×6లో వేయించి నేల మీద పరచండి. స్క్రీన్ మీద ఏరితే అందమైనవే మిగులుతాయి, నేల మీద పరిస్తే అవసరమైనవి తెలుస్తాయి. రెండు ఫోటోలు ఒకే పని చేస్తుంటే ఒకటి తీసెయ్యాలి, అది మీకు ఎంత ఇష్టమైనదైనా సరే. ఎదురెదురు పేజీల్లో మనుషులు పుస్తకం బయటికి చూడకుండా, మధ్య మడతవైపు చూసేలా పెట్టండి.

చరిత్రకి అరపేజీ చాలు. 1806లో బాసిల్ కాక్రేన్ మొదలెట్టిన ఉప్పునీటి కాలువ, 1876-78 కరువులో కూలిపనిగా తవ్వకం పెరగడం, అప్పటి గవర్నరు పేరు పెట్టడం, మొత్తం సుమారు 420 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఆంధ్ర వైపే ఉండటం. ఇంతే. మిగతాది మీ ఇంటి మాటలతో నింపండి. ఫోటోలో కనిపించేదే కింద రాయకండి. "పడవ మీద ముసలాయన" అని ఎవరికి కావాలి? ఆయన పేరు, ఊరు, ఆయనన్న ఒక ముక్క రాయండి.

17. అచ్చుబొమ్మ
అచ్చు సంగతి నాది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి, 24 సరిపోతుంది. అట్ట విడిగా మందంగా కావాలంటే లోపల 20, అట్టకి 4. లోపల 130 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాట్, అట్ట 250. ఏ5 అయితే చుట్టూ 3 ఎంఎం అదనంగా వదిలి ఫైలు చేయండి, 300 డీపీఐలో.

ఫైలు గ్రేస్కేల్‌లోనే ఇవ్వండి, నల్ల సిరాతో మాత్రమే కొట్టమని చెప్పండి. రంగుల యంత్రంలో నాలుగు సిరాలతో కొడితే బూడిద రంగు ఒక పేజీలో ఆకుపచ్చకి, ఇంకో పేజీలో ఊదాకి తిరుగుతుంది. కాగితం సిరా పీల్చి నలుపు ఇంకా ముదురుతుంది, అందుకని నీడల్ని స్క్రీన్ మీద కనిపించేదానికంటే కొంచెం పైకి లేపండి. మొత్తం కొట్టించే ముందు అన్నిటికంటే చీకటి ఫోటో, అన్నిటికంటే తెల్ల ఫోటో ఒక షీటు మీద కొట్టించి చూసుకోండి.

18. కాలువగట్టు
సరస్సు వెడల్పుది ఒకటి రెండు పేజీల మీద పరచాలనుంది. మడతలో పోతుందా?

19. అచ్చుబొమ్మ
లోపలే అట్ట అయ్యే 24 పేజీల పుస్తకంలో 12, 13 పేజీలు రెండూ ఒకే కాగితం మీద వస్తాయి. అక్కడ పెట్టండి. మిగతా ఏ జంట పేజీల్లోనైనా రెండు వేరు వేరు షీట్లు కలుస్తాయి, నీటి గీత మిల్లీమీటరు అటూ ఇటూ జరగొచ్చు. అట్ట విడిగా వేస్తే లోపలి లెక్కలో 10, 11. పిన్నులు పడేచోట మొహం గానీ పడవ గానీ రాకుండా, మడతకి రెండు పక్కలా 5 ఎంఎం ఖాళీ నీళ్ళే ఉండేలా చూసుకోండి.